సువార్త కొరకైనా అబద్ధము తగునా?
క్రైస్తవ బోధలో సత్యనిష్ఠ

ఉపోద్ఘాతము

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయాలని మన తెలుగువారి సామెత. పోతన భాగవతములోని వామన చరిత్రలో, ఏయే సందర్భాలలో బొంకినా దోషము లేదో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెబుతాడు. బలి ఆ సలహాను త్రోసిపుచ్చి, ఆడిన మాటకే కట్టుబడతాడు. మేలు కొరకు చెప్పే అబద్ధము తగునా తగదా అనే ప్రశ్న మన నేలమీద ఎంత పాతదో దీనివలన తెలుస్తుంది.

క్రైస్తవ సంఘములోనూ ఈ ప్రశ్న పాతదే. విశ్వాసమును హింసించేవారు దానిమీద మోపే అబద్ధములను గుర్తించుట సులభము. విశ్వాసమును ప్రేమించేవారు దాని మేలు కోరి చెప్పే అబద్ధములను గుర్తించుట కష్టము. జరగని స్వస్థతను జరిగినట్లు చెప్పుట, వందమంది వచ్చిన కూటమును వేయిమందిగా వ్రాయుట, ఎవరో చెప్పిన కథను కన్నులారా చూచినట్లు వర్ణించుట మొదలైనవన్నీ ఈ కోవలోనివే. "ఆత్మలు రక్షింపబడుతున్నప్పుడు కథ కొంచెము పెంచితే నష్టమేమిటి?" అనే మాట అప్పుడప్పుడు వినబడుతుంది.

క్రైస్తవ బోధ స్వభావరీత్యా సాక్ష్యము. కనుక అందులో చేరిన అబద్ధము, అది ఎంత మంచి ఉద్దేశముతో చేరినదైనా, బోధ నిలిచిన నేలనే తొలిచివేస్తుంది. ఈ విషయమును లేఖనముల నుండి, సంఘ చరిత్ర నుండి, నేటి మన పరిచర్య నుండి పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

1. లేఖనములలో సత్యము

పాత నిబంధనలో సత్యమునకు వాడబడిన ముఖ్యమైన హెబ్రీ పదము "ఎమెత్". ఇది "ఆమాన్" అనే ధాతువు నుండి వచ్చినది. స్థిరముగా ఉండుట, నమ్మదగినదై యుండుట అని ఆ ధాతువునకు అర్థము. మనము ప్రార్థన చివర పలికే "ఆమేన్" కూడ అదే ధాతువునకు చెందినది. అనగా హెబ్రీయుల ఆలోచనలో సత్యమంటే వాస్తవమునకు సరిపోయే మాట మాత్రమే కాదు, మనిషి తన బరువంతా మోపినా కూలిపోనిది. అబద్ధమునకు "ఆమేన్" చెప్పించుట అంటే కూలిపోయే గోడకు సంఘమంతటిని ఆనించుట.

తొమ్మిదవ ఆజ్ఞ (నిర్గమ 20:16) సాధారణ సంభాషణకంటె ముందుగా న్యాయస్థానమును దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినది. సాక్షి మాటమీద ఒకని ప్రాణము ఆధారపడి ఉంటుంది. అందుచేతనే అబద్ధసాక్షి ఎదుటివానికి ఏ శిక్ష పడాలని కోరెనో ఆ శిక్షే అతనికి విధించాలని ధర్మశాస్త్రము చెబుతున్నది (ద్వితీ 19:16-19).

క్రొత్త నిబంధనలో అపొస్తలులు తమ్మును తాము సాక్షులుగా చెప్పుకొన్నారు. తత్త్వమును వివరించే పండితునికిని సాక్షికిని భేదమున్నది. పండితుని వాదమును అతని వ్యక్తిత్వముతో సంబంధము లేకుండ పరీక్షించవచ్చు. సాక్షి విషయములో అట్లు కాదు. అతడు నమ్మదగినవాడు కాకపోతే అతని మాట విలువ కోల్పోతుంది. పౌలు 1 కొరింథీ 15:15లో చేసిన వాదనను ఈ వెలుగులో చదవాలి. క్రీస్తు లేవకపోయి ఉంటే తాము దేవుని విషయమై అబద్ధసాక్షులమని తేలుతుందని అతడు ఒప్పుకొంటున్నాడు. "క్రీస్తు లేవకపోయినా ఈ బోధవలన జనులు బాగుపడుతున్నారు గదా" అని అతడు అనలేదు. ఫలితము మంచిదనే వాదనతో అబద్ధమును కాపాడుకొనే దారిని అతడే మూసివేశాడు. తన అబద్ధమువలన దేవుని మహిమ ప్రబలితే తనకు తీర్పు ఎందుకు అనే వాదనను రోమా 3:7-8లో అతడు ఖండించుట కూడ గమనించదగినది.

ఈ అంశముమీద అతి సూటియైన ప్రశ్న యోబు గ్రంథములో ఉన్నది. దేవుని పక్షమున వాదిస్తున్నామని తలంచిన స్నేహితులను యోబు నిలదీసి, దేవుని కొరకు మీరు అన్యాయముగా మాట్లాడుదురా అని అడుగుతాడు (యోబు 13:7). గ్రంథము చివర దేవుని కోపము రగిలినది ఎవరిమీద? ఆయన తరఫున మాట్లాడిన ఆ స్నేహితులమీదనే (42:7). దేవునికి న్యాయవాదులుగా నిలువదలచినవారు ఈ వచనమును మరువరాదు.

అననీయ, సప్పీరాల ఉదంతము (అపొ.కా. 5:1-11) కూడ ఇదే చెబుతుంది. పొలము అమ్మకముందు అది వారిదే, అమ్మిన తరువాత సొమ్ము కూడ వారి వశములోనే ఉన్నదని పేతురు స్పష్టము చేశాడు. కొంత దాచుకొనుట వారి నేరము కాదు, కొంత ఇచ్చి అంతయు ఇచ్చినట్లు చూపించుట నేరము. యెరూషలేము సంఘములో లోపల పుట్టిన పాపముగా లూకా మొదట వ్రాసినది కానుక రూపములో వచ్చిన అబద్ధము గురించియే.

2. ఆది సంఘము చూపిన తీర్పు

అపొస్తలుల పేరు పెట్టి వ్రాసిన వ్రాతలు వారి కాలము నుండే సమస్యగా ఉన్నాయి. తమ యొద్దనుండి వచ్చినదని చెప్పబడే పత్రికను చూచి కలవరపడవద్దని పౌలు థెస్సలొనీకయులను హెచ్చరించాడు (2 థెస్స 2:2). ఆ పత్రిక చివర తన చేవ్రాతను గురుతుగా చూపాడు (3:17).

సుమారు క్రీ.శ. 200లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి వాస్తవ్యుడైన టెర్టుల్లియను బాప్తిస్మమును గురించిన తన గ్రంథములో ఒక సంఘటనను నమోదు చేశాడు. ఆసియాలోని ఒక సంఘ పెద్ద పౌలునుగూర్చియు తెక్ల అనే కన్యకనుగూర్చియు ఒక కథను కల్పించి వ్రాశాడు. విచారణలో అతడు దానిని తానే వ్రాశానని, పౌలుమీది ప్రేమతో వ్రాశానని ఒప్పుకొన్నాడు. అయినను అతడు తన పదవిని వదలుకొనవలసి వచ్చినది. స్త్రీలు బోధించుట, బాప్తిస్మమిచ్చుట అనే వివాదములో తన వాదమునకు బలముగా టెర్టుల్లియను ఈ సంగతిని ఎత్తాడు. ఆ వివాదములో అతని అభిప్రాయముతో మనము ఏకీభవించవలసిన పని లేదు. ఇక్కడ మనకు కావలసినది ఒక్కటే: అపొస్తలునిమీద ప్రేమ అబద్ధమునకు సాకుగా చెల్లలేదు.

అదే కాలములో అంతియొకయ బిషప్పుగా ఉన్న సెరాపియోను సంగతిని సంఘ చరిత్రకారుడైన యూసేబియసు తెలియజేశాడు. రోసు పట్టణ సంఘములో పేతురు పేరుతో ఒక సువార్త చదువబడుతున్నది. సెరాపియోను దానిని పరిశీలించకుండానే మొదట అనుమతించాడు. తరువాత దానిని తెప్పించుకొని చదివి, అందులో చాలవరకు సరియైన బోధయే ఉన్నా కొన్ని సంగతులు చేర్చబడినవని కనుగొన్నాడు. తాను ముందు చెప్పినదానిని సరిదిద్దుతూ ఆ సంఘమునకు వ్రాశాడు. పేతురును అంగీకరించుట వేరు, పేతురు పేరు తగిలించిన ప్రతి వ్రాతను అంగీకరించుట వేరని అతడు చూపించాడు. పరిశీలించుట, పొరపాటు బయటపడితే బహిరంగముగా సరిదిద్దుట అనే రెండు మంచి అలవాట్లు ఇందులో ఉన్నాయి.

3. అగస్టీను వివరణ

అబద్ధమునుగూర్చి పశ్చిమ సంఘములో అత్యంత లోతుగా ఆలోచించినవాడు హిప్పో బిషప్పు అగస్టీను. సుమారు 395లో ఒకటి, సుమారు 420లో ఒకటి చొప్పున ఈ విషయముమీద అతడు రెండు గ్రంథములు వ్రాశాడు. మొదటి గ్రంథములో అబద్ధములను ఎనిమిది రకములుగా విభజించాడు. వాటిలో అన్నిటికంటె ఘోరమైనదిగా మొదటి స్థానములో ఉంచినది హత్యకు దారితీసే అబద్ధమును కాదు, న్యాయస్థానములోని అబద్ధమును కాదు. మత బోధలో చెప్పే అబద్ధమును ఆ స్థానములో ఉంచాడు.

దీనికి కారణమేమిటో జెరోముతో అతడు జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలలో చూడగలము. అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖిగా ఎదిరించిన సంగతి గలతీ 2:11-14లో ఉన్నది. అది నిజమైన కలహము కాదని, శ్రోతల మేలు కొరకు ఇద్దరు అపొస్తలులు కలిసి నడిపిన ఒక ఏర్పాటని, ఒరిగెనును అనుసరించి జెరోము వ్యాఖ్యానించాడు. అపొస్తలుల గౌరవమును కాపాడుటయే దీని ఉద్దేశము. అయితే అగస్టీను దీనికి అభ్యంతరము తెలిపాడు. లేఖనములో మేలు కొరకైన అబద్ధము ఒక్కటి ఉన్నదని ఒప్పుకొంటే, ఆచరించుటకు కష్టమైన ప్రతి ఆజ్ఞను, నమ్ముటకు కష్టమైన ప్రతి సంగతిని "ఇది కూడ అటువంటిదే" అని ప్రక్కకు నెట్టవచ్చునని అతని వాదము. అపొస్తలుల పరువు నిలుపబోయి అపొస్తలుల మాటనే పోగొట్టుకొంటామన్నమాట.

రెండవ గ్రంథమునకు సందర్భము స్పెయిను దేశములోని ప్రిస్కిల్లియను శాఖ. తమ విశ్వాసమును దాచుకొనుటకు అబద్ధమాడవచ్చునని ఆ శాఖవారు తలంచేవారు. వారిని పట్టుకొనుటకు కొందరు సంఘస్థులు తామును ఆ శాఖవారమే అన్నట్లు నటించారు. ఈ పద్ధతిని అగస్టీను నిషేధించాడు. అబద్ధమును అబద్ధముతో పట్టుకొనబోతే, వారి సిద్ధాంతమును మనమే ఆచరణలో ఒప్పుకొన్నట్లు అవుతుంది.

4. సరియైన సిద్ధాంతమునకు సరికాని ఆధారము

బోధ సరియైనదే అయినప్పుడు ఆధారము బలహీనమైతే ఏమి? చరిత్ర నుండి రెండు ఉదాహరణలు చూద్దాము.

కాన్‌స్టంటైను చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యముమీద అధికారమును రోము బిషప్పునకు దానమిచ్చినట్లు చెప్పే శాసనము ఒకటి మధ్యయుగములో శతాబ్దాలపాటు చెలామణి అయినది. అది 8వ శతాబ్దములో కల్పింపబడినది. 1440లో లోరెంజో వల్లా అనే పండితుడు దానిలోని లాటిను భాషను పరీక్షించి, 4వ శతాబ్దపు రోము శాసనములో ఉండకూడని పదములు అందులో ఉన్నాయని చూపాడు. వల్లా అప్పుడు పోపుతో వైరమున్న రాజు కొలువులో ఉన్నాడు. అతని ఉద్దేశములో రాజకీయము లేదనలేము. అయినను అతని సాక్ష్యాధారములు నిలిచాయి. కల్పిత శాసనమును నమ్ముకొన్న సంఘము తన విరోధుల చేతికి తానే ఆయుధము అందించినది.

రెండవది మన చదువునకు మరి దగ్గరది. 1 యోహాను 5:7లో పరలోకములో సాక్ష్యమిచ్చు ముగ్గురిని, అనగా తండ్రిని, వాక్యమును, పరిశుద్ధాత్మను పేర్కొనే మాటలు 1611 నాటి ఆంగ్ల బైబిలులో ఉన్నాయి. అయితే 14వ శతాబ్దమునకు ముందున్న ఏ గ్రీకు వ్రాతప్రతి మూలపాఠములోను అవి కనబడవు. ఎరాస్మసు తాను ప్రచురించిన గ్రీకు క్రొత్త నిబంధన మొదటి రెండు కూర్పులలో (1516, 1519) వాటిని చేర్చలేదు. విమర్శలు వచ్చాయి. ఆ మాటలున్న ఒక గ్రీకు ప్రతి చూపబడిన తరువాత 1522 కూర్పులో చేర్చాడు. ఈనాటి పండిత కూర్పులు వాటిని మూలములో ఉంచవు.

త్రిత్వ సిద్ధాంతమునకు దీనివలన నష్టమా? కాదు. 325లో నీకయలోను, 381లో కాన్‌స్టంటినోపులులోను సంఘము ఈ విశ్వాసమును ఒప్పుకొన్నప్పుడు ఆ వివాదములో గ్రీకు పితరులు ఈ మాటలను ఆధారముగా చూపలేదు. కనుక ఈ సంగతి తెలిసిన బోధకుడు కూడ "వినేవారికి తెలియదు గదా" అని ఆ వచనమును వాడితే, నిజమైన సిద్ధాంతమును అక్కరలేని అప్పుతో నడిపినట్లే. తరువాత ఎవడో ఆ అప్పును చూపించి సిద్ధాంతమంతయు అప్పేనని అంటాడు.

5. నేటి వేదికలమీద

మన ప్రసంగములలో తరచు వినబడే కొన్ని కథలను పరీక్షిద్దాము.

సూదిబెజ్జము అనేది యెరూషలేములో ఒక చిన్న ద్వారమని, ఒంటె బరువు దించుకొని మోకరిల్లితే దానిలోగుండ దూరగలదని చాలమంది చెబుతారు. యేసు కాలములో అట్టి పేరుగల ద్వారము ఉన్నదనుటకు ఆధారము లేదు. అంతకంటె ముఖ్యముగా, ఈ కథ ప్రభువు మాటను పలుచన చేస్తుంది. ఇది మనుష్యులకు అసాధ్యమని ఆయన చెబితే (మార్కు 10:25-27), కొంచెము వంగితే సాధ్యమని కథ చెబుతుంది. వాక్యమునకు అలంకారముగా తెచ్చిన కథ వాక్యమునే త్రిప్పివేసినది.

చార్లెస్ డార్విన్ మరణశయ్యమీద తన సిద్ధాంతమును విడిచి క్రీస్తును ఆశ్రయించాడనే కథ మరొకటి. అతడు 1882లో మరణించాడు. లేడీ హోప్ అనే సువార్తికురాలు చెప్పినట్లుగా ఈ కథ 1915లో అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో వచ్చినది. తండ్రి మరణ సమయమున అక్కడే ఉన్న కుమార్తె హెన్రియెట్టా 1922లో దీనిని బహిరంగముగా ఖండించినది. నూరేండ్లు గడిచినా ఆ కథ ఆగలేదు.

2010లో అమెరికాలో ఒక పుస్తకము వెలువడినది. ప్రమాదములో గాయపడిన ఒక బాలుడు పరలోకమును చూచి వచ్చినట్లు చెప్పిన కథ అది, విస్తారముగా అమ్ముడుపోయినది. 2015లో ఆ బాలుడే తాను చనిపోలేదని, పరలోకమునకు వెళ్లలేదని బహిరంగముగా వ్రాశాడు. ప్రకాశకులు పుస్తకమును ఉపసంహరించారు. పరలోక నిరీక్షణకు లేఖనములే చాలునని నిజముగా నమ్మిన సంఘమునకు ఇట్టి ఆధారములు అవసరమా అని మనము ఆలోచించాలి.

ఇందులో ప్రమాదము చిన్నది కాదు. నేడు యవ్వనస్థుడు ప్రసంగము ముగియకముందే చేతిలోని ఫోనులో కథను పరీక్షించగలడు. డార్విన్ కథ కల్పితమని తెలుసుకొన్నవాడు ఆదివారము అదే నోట, అదే స్వరముతో ఖాళీ సమాధినిగూర్చి వింటాడు. ఈ రెండింటిలో ఏది పరీక్షకు నిలిచేదో, ఏది నిలవనిదో అతనికి ఎవరు చెబుతారు? అబద్ధపు కథ ఒక్కటే పోదు. పోతూ పోతూ పక్కనున్న సత్యమును కూడ వెంట తీసుకొనిపోతుంది.

6. కొన్ని అభ్యంతరములు

హెబ్రీ మంత్రసానులు (నిర్గమ 1:15-21), రాహాబు (యెహోషువ 2) అబద్ధమాడి కూడ దీవెన పొందలేదా అని కొందరు అడుగుతారు. దేవుడు వారి కనికరమునకు ప్రతిఫలమిచ్చాడు గాని వారి మోసమునకు కాదని అగస్టీను సమాధానము. ప్రాణరక్షణ విషయములో ఇంత ఖండితముగా చెప్పలేమని తలంచిన వేదాంతులు కూడ ఉన్నారు. డీట్రిష్ బాన్‌హోఫర్ నాజీ చెరసాలలో ఉండి వ్రాసిన ఒక అసంపూర్ణ వ్యాసములో, నీ తండ్రి త్రాగుబోతా అని తరగతిలో అందరి ముందు ఉపాధ్యాయుడు అడిగితే కాదని చెప్పిన పిల్లవాని ఉదాహరణ తెచ్చాడు. అడిగే హక్కులేని ప్రశ్న అది, కుటుంబ మర్యాదను కాపాడుకొన్నాడు ఆ పిల్లవాడు అని అతని భావము. ఈ చర్చ ఎటు తేలినా ప్రసంగ వేదికకు అది సాకు కాజాలదు. హంతకుడు తలుపు తట్టి అడిగే ప్రశ్న వేరు, ఆకలిగొన్న విశ్వాసి సత్యము కొరకు అడిగే ప్రశ్న వేరు. విశ్వాసికి సత్యము వినే హక్కు ఉన్నది.

ఉపమానములు కల్పితములు కావా అనేది మరొక ప్రశ్న. ఉపమానము ఉపమానమని చెప్పేవానికీ వినేవానికీ తెలుసు. ఎవడూ మోసపోడు. కల్పనను జరిగిన సంగతిగా నమ్మించినప్పుడే అది అబద్ధమవుతుంది.

7. తెలుగు సంఘ చరిత్రనుండి ఒక మాదిరి

సత్యనిష్ఠ బోధకుని మాటలోనే గాక, అతడు అంగీకరించే ఒప్పుకోలులో కూడ ఉండాలి. 1876-78 నాటి మహాక్షామములో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసుకొని ఆకలితో ఉన్న ప్రజలకు పని కల్పించాడు. వారిలో అనేకులు బాప్తిస్మము కోరారు. సహాయము జరుగుతున్నంతకాలము అతడు ఇవ్వలేదు. కూలి కొరకు, గింజల కొరకు వచ్చిన ఒప్పుకోలుగా అది మారకూడదని అతని భయము. సహాయము నిలిచిన తరువాత కూడ వారు వచ్చి అడిగారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ ప్రజల హృదయములలో ఏ కారణములు ఎంతెంత పాలు ఉన్నవో దేవునికే తెలుసు. దళితులైన మాదిగలు అనుభవించిన అవమానము, గౌరవము కొరకైన వారి ఆరాటము కూడ ఆ ఉద్యమములో ఉన్నాయని చరిత్రకారులు చెబుతారు. అయినను క్లౌ నిర్ణయములో మనకు పాఠమున్నది. 2,222 అనే సంఖ్య నేటికిని మనము నిస్సంకోచముగా చెప్పుకోగలుగుతున్నామంటే, దానికి ముందు నెలల తరబడి సున్నా అని వ్రాయుటకు ఒకడు వెనుదీయకపోవుట కూడ ఒక కారణము.

8. బోధకులకు కొన్ని సూచనలు

మొదటిది, కథను వాడకముందు దాని మూలమును వెదకాలి. ఎవరు చూచారు, ఎప్పుడు, మొదట ఎక్కడ వ్రాయబడినది అనే మూడు ప్రశ్నలు చాలు. లూకా తన సువార్తను కన్నులారా చూచినవారి మాటలను తరచి పరిశోధించి వ్రాశానని చెప్పుకొన్నాడు (లూకా 1:1-4). జవాబు దొరకని కథను విడిచిపెట్టాలి.

రెండవది, లేఖనము చెప్పినదానిని, వ్యాఖ్యానకర్తలు చెప్పినదానిని, తన ఊహను బోధకుడు వేరువేరుగా చూపాలి. "ఇది నా అభిప్రాయము" అనుటవలన వాక్యపు అధికారము తగ్గదు. పౌలు కూడ ప్రభువు ఆజ్ఞను, తన సలహాను వేరు చేసి చెప్పాడు (1 కొరింథీ 7:10, 12, 25).

మూడవది, స్వస్థత సాక్ష్యములను తొందరపడి ప్రకటించరాదు. వైద్యుని పరీక్ష ముగియనివ్వాలి. స్వస్థుడైనట్లు వేదికమీద ప్రకటింపబడిన రోగి మందులు మానివేస్తే, ఆ అబద్ధమునకు వెల చెల్లించేది అతని శరీరమే.

నాల్గవది, నివేదికలలో సంఖ్యలు ఉన్నవి ఉన్నట్లు వ్రాయాలి. బాప్తిస్మములు, కూటమునకు వచ్చినవారు, నిర్మించిన మందిరములు వేటినిగూర్చియైనా ఇచ్చేవారిని సంతోషపెట్టుటకు వ్రాసిన సంఖ్య అననీయ కానుకవంటిదే.

ఐదవది, ఇతరుల ప్రసంగమును, ఇతరుల అనుభవమును తనదిగా చెప్పుకొనరాదు. "ఫలానా దైవసేవకుని పుస్తకములో చదివాను" అనే ఒక్క వాక్యము ప్రసంగపు బలమును తగ్గించదు.

ఆరవది, తప్పు చెప్పినట్లు తెలిసినప్పుడు ఎక్కడ చెప్పామో అక్కడే సరిదిద్దాలి. వేదికమీద చెప్పినదానిని చాటుగా సరిదిద్దితే చాలదు. ఇట్టి సవరణ విన్న సంఘము తన కాపరిని చులకన చేయదు. అతడు సవరించని మాటలను మరింత నమ్ముతుంది.

ముగింపు

దేవునికి మన అబద్ధములతో పనిలేదు. సువార్త బలహీనమైనదని, దానికి మన చేర్పులు అవసరమని లోలోపల తలంచినప్పుడే బోధకుడు కథలను పెంచుతాడు. ఆ విధముగా ప్రతి "భక్తిగల అబద్ధము" వెనుక ఒక అవిశ్వాసము దాగి ఉంటుంది. మోసము, తంత్రము లేకుండ, సత్యమును బయలుపరచుటవలననే ప్రతి మనస్సాక్షి యెదుట తాము నిలుస్తామని పౌలు చెప్పాడు (2 కొరింథీ 4:2). సత్యము మెల్లగా పని చేయవచ్చు. కొన్నిసార్లు కూటములు చిన్నవిగా ఉండవచ్చు, నివేదికలు పలుచగా ఉండవచ్చు. అయినను ఆ బోధకుడు "క్రీస్తు లేచెను" అని పలికిన దినమున, ఈయన నోట ఇంతవరకు వట్టి మాట వినలేదని సంఘము జ్ఞాపకము చేసికొంటుంది. సాక్షికి కావలసిన ఆస్తి అదే.